అక్క కొలతలు

"టేపు ఎక్కడ తగలేశారే ఇద్దరూ?"

కుట్టుమిషన్ ముందు నుంచి తల్లి కేక వంటింటిదాకా వినిపించింది. బట్టలు కుట్టే మనిషికి పొద్దున్నే టేపు దొరక్కపోతే చేతులు కట్టేసినట్టే.

"నన్నంటావేంటమ్మా? నీ ముద్దుల బుంగనడుగు," అంది పెద్దమ్మాయి. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదని చెల్లికి ఇంట్లో పడ్డ పేరది.

"నేను తియ్యలేదు!" పదిహేనేళ్ల చిన్నది గయ్యిమంది.

"మరి టేపుకి కాళ్లొచ్చాయా?" తండ్రి పేపరు చాటునుంచి నవ్వాడు. "ఏమే బుంగా, నీ వయసులో అక్క పుల్లలా ఉండేది తెలుసా?"

చిన్నది విసురుగా లేచి తూలిపోయింది. టేపు వెతుకుతూ అక్కడికే వచ్చి పట్టుకున్న తల్లి చేతికి నడుం దగ్గర ముడి తగిలింది. వదులు చొక్కా ఎత్తి చూస్తే టేపు! ఒంటికి బిగించి కట్టుకుంది. పైన పక్కటెముకలు తేలి ఉన్నాయి.

టేపు మీద ముడిపడ్డచోటి అంకె తల్లికి కంఠతా వచ్చు. అది పెద్దదాని నడుము కొలత. రెండేళ్లుగా చిన్నదాన్ని ఆమె కొలవనేలేదు. అక్క కొలతలకే కుట్టి, "సన్నబడి నువ్వే ఇందులోకి దిగుతావులే" అనేది. అది వాళ్ల నాన్న పాత చొక్కాల్లో తిరుగుతుంటే ఫ్యాషన్ కాబోలనుకుంది.

"ఎన్నాళ్లనుంచే ఇది?"

"దిగమన్నది నువ్వేగా!" చిన్నది వెక్కుతూ అంది.

పెద్దది తలొంచుకుంది. "అన్నం కాగితంలో చుట్టి పారేస్తుంటే చూశానమ్మా. సన్నగా ఉన్నానని మీరు నన్ను పొగుడుతుంటే నాకు సంబరంగా ఉండేది... అందుకే చెప్పలేదు."

"నాలుగురోజులు కూర్చోబెట్టి తినిపిస్తే అదే సర్దుకుంటుంది," అన్నాడు తండ్రి.

"ఇది మొండితనం కాదండీ, జబ్బు. దీన్ని మనమూ పెంచాం," అని తల్లి ఫోను అందుకుంది.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చునేసరికి అక్క కొలతలకి కుట్టిన గౌన్లన్నీ కుట్లు విప్పి బల్లమీద ఉన్నాయి.

"సాయంత్రం నాలుగింటికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నలుగురం," అంది తల్లి, కంచాలు పెడుతూ. "ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో ఎవరి ఒంటి గురించీ మాటల్లేవు. ఆ పేరు కూడా లేదు."

"నాకు ముద్ద దిగట్లేదమ్మా," అంది చిన్నది.

"తెలుసు. దానికేం చెయ్యాలో నాకు తెలీదు, అడిగి నేర్చుకుంటాను. అందాకా నీ పక్కనే కూర్చుంటాను."

పెద్దది తన కంచం తీసుకుని చెల్లికి అటుపక్కకి జరిగింది.

"బుం..." అనబోయి తండ్రి నాలిక కరుచుకున్నాడు. కళ్లు తుడుచుకుని, మంచినీళ్ల గ్లాసు కూతురి ముందుకి జరిపాడు.

"ముందు ఇది తాగు, తల్లీ."