గాజు గ్లాసు మీద చెంచా

మా కాలేజీ వెనక సందులో, చివరి ఇంటి ముందు నుంచి చీకటిపడ్డాక ఎవరూ నడవరు. తప్పనిసరైతే అవతలి గోడవారగా, ఫోనులో పాటలు పెట్టుకుని మరీ నడుస్తారు. ఆ ఇల్లు ఒక కవిది. ఆయన పోయాక తాళం పడింది. అయినా రాత్రిళ్లు లోపల్నుంచి చప్పుడు... టింగ్... టింగ్... కాస్త ఆగి, మళ్లీ టింగ్.

నేను లెక్కల మాస్టార్ని. దెయ్యాల్ని నమ్మను, కానీ నేనూ ఆ సందులోంచి వెళ్లను. ఇక చెప్పబోయేదంతా నాకు చెప్పింది మా తెలుగు టీచరు, ప్రతీకల మేడం. పిల్లలు పెట్టిన పేరది. ఆవిడ ముందు గొడుగు మడిచినా దానికో అర్థం తీస్తుంది. ఆ కవి రాసిన కొరకరాని కొయ్యలాంటి కవిత ఒకటి పిల్లలకి పాఠంగా ఉంది. అందులో ఈ ముక్క చూసి నేనైతే దణ్ణం పెట్టేశాను—

గాజు నోట్లో చెంచా పలుకుతుంది
గోడ నన్ను అడుగుతుంది
నేను లోహంతో ఔనంటాను

మేడం మాత్రం బోర్డు నిండా రాసేది. గాజు నోరంటే నొక్కేసిన జనం గొంతు. గోడంటే అధికారం. లోహమంటే ఆయుధం. అదే పరీక్షలో రాసి పిల్లలు గట్టెక్కేవాళ్లు.

ఇంట్లో ఆవిడ బతుకు వేరు. భర్తకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మంచం పక్కన గాజు గ్లాసు, చెంచా. పిలవాలంటే గ్లాసు మీద కొట్టేవారు. ఈవిడ పక్క గదిలోంచి పరుగెత్తుకెళ్లి "నీళ్లా? దుప్పటా? నొప్పా?" అని అడిగేది. దేనికీ తల ఊపేవారు కాదు. తిరిగొచ్చి నడుం వాల్చగానే మళ్లీ టింగ్. రాత్రంతా ఇదే తంతు. మతి కూడా పోయిందనుకుంది పాపం. నిద్రలేక ఒళ్లు హూనమైపోయి, ఒకరోజు కాలేజీకి వస్తూ వస్తూ ఆ చెంచా తీసి బ్యాగులో పడేసుకుంది.

"ఆయన చూశారు మాస్టారూ," అంది నాతో. "చెయ్యి చాపారు కూడా."

ఆ రోజు ఆఖరి క్లాసు అయ్యేసరికి చీకటిపడింది. పగలు ఆయన్ని చూసుకునే నర్సు వెళ్లిపోయే వేళ దాటింది. తొందరలో మేడం ఆ సందులోకే తిరిగింది.

టింగ్... టింగ్...

ఆవిడ ఆ ఇంటి ముందే ఆగిపోయింది. దెయ్యమని కాదు — అది అచ్చం వాళ్లాయన కొట్టే తీరు. తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల కరెంటు లేదు. గోడవైపు తిరిగి... ఎవరో కూర్చుని ఉన్నారు.

"ఎ... ఎవరది?"

"భయపడకమ్మా. ఈ ఇంటాయన అక్కని," అంది ఒక ముసలి గొంతు. ఆవిడ చేతిలో గ్లాసు, చెంచా. "ఇల్లు అమ్మేశాం. ఇవాళే ఆఖరు. అప్పుడప్పుడూ వచ్చి ఇలా కొట్టి పోతుంటాను."

"ఎందుకండీ?"

"మా మరదలికి మాట పోయింది. ఆ గదిలో పడుకుని గ్లాసు మీద కొట్టేది. తమ్ముడు ఈ గదిలోంచి తిరిగి కొట్టేవాడు. తెల్లార్లూ అవే వాళ్ల కబుర్లు."

"ఏం కావాలని కొట్టేది?"

"ఏం కావాలమ్మా? ఉన్నావా అని. వీడేమో, ఉన్నానని."

మేడం ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది. నడిచిందో పరుగెత్తిందో గుర్తులేదట. తలుపు తాళం తీస్తుంటే లోపల్నుంచి వినిపించింది... టింగ్... టింగ్. ప్రాణం లేచొచ్చింది. "ఉన్నానండీ! వచ్చేశాను!" అంటూ బ్యాగులోంచి చెంచా తీసి, చేతికందిన గ్లాసు మీద తిరిగి కొట్టింది.

ఆయన గదిలోంచి జవాబొచ్చింది.

అప్పుడు చూసుకుంది... చెంచా తన చేతిలోనే ఉంది.

గదిలో ఆయన చల్లబడి ఉన్నారు. చెయ్యి గ్లాసువైపు చాపి ఉంది. నర్సు వెళ్లిన కాసేపటికే పోయి ఉంటారన్నాడు డాక్టరు.

ఇప్పుడు మేడం ఆ కవితకి బోర్డు మీద ఏమీ రాయదు. "చెంచా అంటే చెంచానే, పిల్లలూ," అంటుంది. పరీక్షలో ఏం రాయాలో తెలీక వాళ్లు తిట్టుకుంటారు. నాకు మాత్రం ఆ కవిత మొదటిసారి అర్థమైంది, అర్థం కాకపోతేనే బావుండేదనిపించింది.

కవి ఇల్లు కూలగొట్టేశారు. ఆ సందులో చప్పుడు లేదు. మేడం వాళ్ల కింది వాటా వాళ్లే ఇల్లు ఖాళీ చేస్తున్నారు. రాత్రిళ్లు పైన ఒక గదిలో చెంచా మోగుతుందట... కాస్త ఆగి, పక్క గదిలో మోగుతుందట.

పైన మేడం ఒక్కతే ఉంటోంది.