ఆఖరి మలుపు దాటాక

సాయంకాలం... దీపాలు పెట్టే వేళ ఇంకా కాలేదు. అయినా కాటుక మేఘాలు ఆకాశాన్ని కబళించేశాయి! ఫెళఫెళమంటూ పిడుగు! పాతకార్ల పోటీ జరిగే మైదానంలో, రేకుల కప్పు మీద గుడ్లగూబ ఒకటి వికృతంగా కూసింది. జనం గొడుగులు విప్పారు గానీ ఒక్కరూ కదల్లేదు. పాతకార్ల పిచ్చి అలాంటిది మరి!

తడి కంచె పట్టుకుని నిలబడింది మలుపులక్క. పోటీల్లో మొగుడు కారు తోలుతుంటే, పక్కసీట్లో దారి పటం పట్టుకుని మలుపులు చెప్పిన మనిషి. అందుకే ఆ పేరు. ఆయన పోయి ఏడాదైంది. కారు అమ్ముడుపోయింది, కొన్నవాడు దాన్ని పోటీల్లో తోలుతున్నాడు. అయినా పోటీ ఎక్కడ జరిగినా వస్తుంది... ఆ ఎర్రకారు చప్పుడు వినడానికి! వింటుంది, కళ్ళు తుడుచుకుంటుంది, వెళ్ళిపోతుంది.

"అక్కా, ఆ బండి జోలికి పోకు," అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి. "ఏడాదిగా దాని ఇంజిన్ ఆగనే లేదు! ట్యాంకులో పెట్రోలు చుక్క లేదు, ఒట్టు! బ్యాటరీ పెట్టే చోట... పుర్రె ఉంది!"

ప్రతి మలుపు దగ్గరా ఆ కారు ఎందుకు తడబడుతోందో ఆమెకప్పుడర్థమైంది. తన మాట కోసం ఎదురుచూస్తోంది!

"కనిపెట్టేశావన్నమాట!"

వెనకనుంచి వికటాట్టహాసం! కారు కొన్న ఆసామి... కాదు కాదు, క్షుద్రోపాసకుడు! రక్తారుణ నేత్రాలు, బూడిదరంగు పెదవులు.

"నీ మొగుడి ఆత్మని ఇంజిన్‌లో బంధించా. నా గుండెని దానికే ముడేశా. ఇవాళ ఆగకుండా ముగింపు గీత దాటితే నాకిక చావు లేదు! కానీ మొండిఘటం, మలుపుల్లో మొరాయిస్తున్నాడు. ఎక్కు, దారి చెప్పు. ప్రతి పోటీలోనూ వాడి చప్పుడు నీకు వినిపిస్తా!"

వాడు స్టీరింగు ముందు కూర్చుంటే, ఆమె పక్కసీట్లోకి ఎక్కింది. ఎందుకెక్కింది? ఆశ! ఆ చప్పుడు కూడా పోతే ఆమెకిక మిగిలేదేముంది?

"ఎడమ!" కారు దూసుకుపోయింది. "కుడి... మెల్లగా!" స్టీరింగు దానంతటదే తిరుగుతోంది! ఆమె డాష్‌బోర్డు మీద చెయ్యి ఆన్చింది. అది ఇంజిన్ రొద కాదు... మూలుగు! ఏడాదిగా కునుకులేక, ఒళ్ళు హూనమైన మనిషి మూలుగు! ఇన్నాళ్ళూ తను ముచ్చటపడి విన్నది ఆయన బాధనా? అయ్యో!

ఆఖరి మలుపు దాటింది. గీత కనబడుతోంది. ప్రతి పోటీలో గీత దాటాక ఆయనతో తను అప్పట్లో అనే మాట ఒకటుంది. అది ఏ దారి పటంలోనూ ఉండదు, మాంత్రికుడికి తెలిసే వీలే లేదు. ఆ మాట ఇవాళ గీతకు ముందే అనేసింది.

"ఏమండీ... ఇంక చాలు. ఆపెయ్యండి."

"ఏయ్! నోర్ముయ్!"

భీకర మంత్రోచ్చారణ! మెరుపులు! కానీ ఆ మంచి మనిషి ఏనాడూ ఆమె మాట కాదనలేదు. చచ్చాకా అంతే! హారన్ ఒక్కసారి మెత్తగా మోగింది. బతికుండగా ఆయన "సరే" అనడం అలాగే. ఇంజిన్ ఆగిపోయింది.

బానెట్ కింద పుర్రె పగిలింది... దిక్కులు పిక్కటిల్లే ఆర్తనాదం! స్టీరింగు ముందు సీట్లో పిడికెడు బూడిద మిగిలింది.

గుడ్లగూబ ఎగిరిపోయింది. వాన మాత్రం తగ్గలేదు. మెకానిక్ పరుగెత్తుకొచ్చేసరికి, కారు దిగి, బానెట్ మీద రెండు చేతులూ ఆన్చి నిలబడి ఉంది ఆమె.

"తడిసిపోతున్నావక్కా. రా, వెళ్దాం."

"ఉండు నాయనా... ఇంకా వెచ్చగానే ఉన్నారు."