నాలుగో కంప్యూటర్

"మీ కంప్యూటర్ని మీరే పట్టుకుపోండి," అంది సిద్దికా, సాదిక్ ఇంకా చెప్పులైనా విప్పకముందే.

తాడేపల్లిలో ఆమె నడిపే ఇంటర్నెట్ సెంటర్లో మూడు పాత కంప్యూటర్లున్నాయి. వాటికేం రోగం లేదు. గుంటూరులో సాదిక్ పనిచేసే షాపులో కొన్న నాలుగోది మాత్రం, కొత్తదై ఉండి కూడా, ఒక్క పేజీ తెరవడానికి బయటికెళ్లి టీ తాగి వచ్చేంత సేపు తీసుకుంటోంది. ఎల్లుండే ఎంసెట్ రిజల్ట్స్. ఊళ్లో పిల్లలంతా ఈమె దగ్గరికే వస్తారు.

సాదిక్ బాధ వేరు. అతనికి సిద్దికా అంటే ఇష్టం. కంప్యూటర్ దింపడానికొచ్చిన రోజున, అట్టపెట్టె గుమ్మానికి అడ్డంగా పెట్టాడని ఆమె కసిరింది చూడండి, అప్పుడే మొదలైంది. ఇప్పుడు కంప్యూటర్ వెనక్కి పోతే తాడేపల్లి రావడానికి అతనికి ఇంకో కారణం లేదు. ప్రేమలో పడ్డవాళ్లకి రెండో కారణం తట్టి చావదు.

"ఈ ఒక్కసారి చూడనివ్వండి."

"పోయినసారీ ఇదే అన్నారు."

"పోయినసారి సాఫ్ట్‌వేర్ చూశానండి."

"ఈసారేం చూస్తారు, జాతకమా?"

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఆకు నములుతున్న ఆమె నానమ్మ ఖాదర్‌బీ, "ముందా అబ్బాయికి మంచినీళ్లియ్యవే," అంది. సిద్దికా ఇచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

సాదిక్ కేబుల్ మార్చాడు. స్లోనే. కేబుళ్లన్నీ కలిసే స్విచ్ డబ్బాలో ఇంకో పోర్టులో పెట్టి చూశాడు. అయినా స్లోనే. అదే కేబుల్ పాత కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం పరుగెత్తింది. అంటే లోపం కొత్తదాంట్లోనే ఉంది. సిద్దికా చేతులు కట్టుకుని చూస్తోంది. కేబుల్ని చూసింది కాసేపు, అతన్ని చూసింది చాలాసేపు.

అతను కంప్యూటర్ని వెనక్కి తిప్పి, కేబుల్ దూర్చే పోర్టులోకి టార్చి వేశాడు. లోపలి పిన్నుల మీద ఏదో పచ్చగా ఎండి అంటుకుని ఉంది. వంగి వాసన చూశాడు. గంధం.

ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇంటికి కుట్టుమిషనొచ్చినా, ఫ్యానొచ్చినా అతని తల్లి కూడా దర్గా ఉరుసులో ఇచ్చిన గంధం కాస్త పూస్తుంది. సాదిక్ తలెత్తాడు. ఖాదర్‌బీ నమలడం మానేసి బిక్కమొహంతో అతన్నే చూస్తోంది.

"దొరికిందా?" అంది సిద్దికా.

"దొరికిందండీ. మా షాపులో ఉండగానే తేమ పట్టినట్టుంది. తప్పు మాదే."

దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి తుడిచి, కేబుల్ పెట్టాడు. పేజీ టక్కున తెరుచుకుంది. సిద్దికా పేజీని పట్టించుకోలేదు. బల్ల మీది దూదిపుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మీ షాపులో తేమ గంధం వాసనొస్తుందా?"

సాదిక్ స్పిరిట్ సీసాకి మూత బిగించసాగాడు.

"నానమ్మా, దీంట్లో గంధం పెట్టావా?"

"ఇంటర్నెట్టు ఆ బొక్కలోంచే వచ్చిద్దని నువ్వేగా చెప్పింది. అందుకే దానికి ఇంకాస్త ఎక్కువ పెట్టా, బరకత్ కలిగి గిరాకీ పెరగాలని," అంది ఖాదర్‌బీ మెల్లిగా.

సిద్దికాకి నవ్వొచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది. ఇన్నాళ్లూ అతన్ని నానా మాటలూ అంది. ముసలామె మాట పడకూడదని అతను మిగిలిన తిట్లు కూడా తినడానికి సిద్ధపడ్డాడు. అతనంటే ఆమెకి ఇష్టం పుట్టింది. ముందునుంచే ఉందేమో, ఇప్పుడు తనకి తాను ఒప్పుకుంది.

సాదిక్ సామాను సంచిలో సర్దుకున్నాడు. చేసిన పని ఇంత బాగా కుదిరినందుకు అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"ఇంక కంప్లైంట్ రాదండీ."

"మరి మీరెలా వస్తారు?"

సంచి జిప్పు సగంలో ఆగిపోయింది.

"రమ్మంటే... ఊరికే వస్తానండి."

"ఊరికే వస్తే మా నాన్న ఊరుకోడు." సిద్దికా కంప్యూటర్ వైపు తిరిగి, లేని పనేదో ఉన్నట్టు మౌస్ కదిపింది. "మీ అమ్మగారిని తీసుకురండి."