పుట్ అమ్మి పడుకున్న మంగళవారం

మొదటి క్లాసులోనే కేయూర్ నిద్రపోయాడు.

తప్పు అతనిది కాదు, ఊరిది. రాజ్‌కోట్‌లో ఒంటిగంటకి కొట్ల షట్టర్లు దిగితే నాలుగింటికి గానీ లేవవు. ఆ మూడు గంటలూ ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. చుట్టాలొచ్చినా చెట్టు నీడన స్కూటర్ ఆపుకుని నాలుగయ్యేదాకా కూర్చుంటారు. అలాంటి ఊళ్లో భోంచేసి మజ్జిగ తాగిన మనిషిని ఒకటిన్నరకి ఫోన్ ముందు కూర్చోబెట్టి ఆప్షన్స్ ట్రేడింగ్ నేర్పిస్తానంటే ఇంకేమవుతుంది?

"కేయూర్‌భాయ్, పదకొండు నిమిషాలు పడుకున్నారు," అంది ఫోన్‌లోంచి హేత్వి. "ఈలోగా నిఫ్టీ ఎనభై పాయింట్లు పడింది."

"కళ్లు మూసుకుని వింటున్నానండీ."

"గురక పెట్టి మరీ వింటున్నారు."

కళ్లు తెరిచి వీడియోలో ఆమెకేసి చూశాడు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి ఒక చూపు, పెదవి చివర నవ్వు. ఆ తర్వాత నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా అతను కునుకు తీయలేదు.

హేత్వి వాళ్లది పక్క వీధే. బ్యాంకు ఉద్యోగం మానేసి రెండేళ్లుగా ఇంట్లోనే ట్రేడింగ్ చేస్తోంది. కొట్ల వాళ్లకి తీరిక దొరికేది ఆ మూడు గంటలే కనక అప్పుడే క్లాసు పెట్టింది. అయిదుగురు చేరారు, నలుగురు నిద్రకి లొంగిపోయారు. ఇమిటేషన్ నగల కొట్టు నడుపుకునే కేయూర్ ఒక్కడే మిగిలాడు.

ఆమె నియమాలు రెండే. కోర్సు పూర్తయ్యేదాకా నిజం డబ్బు ముట్టుకోకూడదు. నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉత్తుత్తి ట్రేడ్లు మాత్రమే చేయాలి. రెండోది గొడుగు. పుట్ అమ్మడమంటే మార్కెట్ కింద పడదని ఇంకొకరికి పూచీ పడటం. పడిందంటే నష్టానికి అంతుండదు. అందుకని అమ్మే ముందు ఇంకాస్త కింది స్థాయిలో ఒక పుట్ కొని పెట్టుకోవాలి, నష్టం అక్కడితో ఆగుతుంది, అదే గొడుగు. తప్పు లేకుండా వరసగా పది ట్రేడ్లు చేస్తే కోర్సు అయిపోయినట్టే.

ఆరు వారాలకే కేయూర్‌కి విద్య పట్టుబడింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎనిమిది ట్రేడ్లు చక్కగా చేశాక గుండెల్లో రాయి పడింది. పది పూర్తయితే క్లాసుండదు. క్లాసు లేకపోతే ఆ కళ్లద్దాలూ, ఆ వెక్కిరింతలూ ఉండవు. ప్రేమించానని చెప్పేంత ధైర్యం అతనికి ఏడు జన్మలెత్తినా రాదు. అందుకని తొమ్మిదో ట్రేడ్‌లో గొడుగు కొనడం "మర్చిపోయాడు".

"మళ్లీ మొదటి నుంచి," అంది హేత్వి.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ప్రతి తొమ్మిదో ట్రేడ్‌లోనూ, ఒక్కోసారి అయిదో ట్రేడ్‌లోనే, గొడుగు మర్చిపోతూ వచ్చాడు. కాగితం మీది లెక్కలే నిజమైతే ఈపాటికి ఇల్లూ వాకిలీ అమ్ముకుని ఉండేవాడు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున, శనగపిండి గాఠియాలు వేయించే కొట్టు దగ్గర ఎదురుపడ్డారు. అతని చేతిలో వేడి గాఠియా పొట్లం, నంజుకోడానికి వేయించిన మిరపకాయ; ఆమె చేతిలో జిలేబీ.

"మీతోనే మాట్లాడాలి," అంది హేత్వి. "రేపటి నుంచి క్లాసు లేదు."

కేయూర్ చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకని?"

"నాలుగు నెలలైంది. చంటిపిల్లాడికి చెప్పినా ఈపాటికి గొడుగు గుర్తుండేది. నా వల్ల మీకు ఈ విద్య రాదు."

"వస్తుందండీ. ఇంకో రెండు నెలలు..."

"దేనికి?"

చెప్పాల్సింది అప్పుడే. మాట గొంతుదాకా వచ్చింది. అతను మిరపకాయ కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "ఘాటుగా ఉంది," అన్నాడు. ఆమె స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. తను మొద్దును కాననైనా ఆమెకి తెలియాలి. మంగళవారం, ఆప్షన్ల గడువు తీరే ఎక్స్‌పైరీ రోజు, మధ్యాహ్నం పన్నెండున్నరకి సొంత డబ్బుతో పుట్ అమ్మేశాడు. స్క్రీన్ ఫోటో తీసి హేత్వికి పంపాడు: "చూడండి, నాకు వచ్చు."

జవాబు రాలేదు. ఆ రోజు ఇంట్లో కేసర్ మామిడి రసం, పూరీలు. ఒకటిన్నరకి ఫోన్‌లో కోప్పడే గొంతు కూడా లేదు. ఎనిమిదో పూరీ తిన్నాక కన్ను మూతపడింది. అలవాటు ప్రకారం వాళ్లమ్మ రసీలాబెన్ ఇంట్లో ఫోన్లన్నీ సైలెంట్ చేసి పిండి డబ్బా మీద పెట్టింది.

రెండింటికి తలుపు దబదబా మోగింది.

ఎవరో పోయారనుకుని రసీలాబెన్ పరుగున వచ్చి తీసింది. వీధిలో అన్ని మేడల మీదా తలలు లేచాయి. మండుటెండలో ఓణీ అయినా కప్పుకోకుండా, చెప్పులు కూడా లేకుండా హేత్వి నిలబడి ఉంది.

"కేయూర్‌ని లేపండి మాసీ." భాయ్ అన్న మాట దారిలోనే ఎక్కడో జారిపోయినట్టుంది. "పంతొమ్మిది సార్లు ఫోన్ చేశాను."

కేయూర్ లేచి వచ్చి ఆమెని చూసి కల అనుకున్నాడు.

"గొడుగేది?" అంది ఆమె.

"ఉంది కదా..." అంటూ ఫోన్ తెరిచి చూశాడు. లేదు. ఉత్తుత్తిగా అన్నిసార్లు మర్చిపోయిన చెయ్యి ఈసారి నిజంగానే మర్చిపోయింది. మార్కెట్ జారుడుబండ ఎక్కినట్టు దిగిపోతోంది.

"చూస్తారేంటి, అమ్మిన పుట్ తిరిగి కొనేసి బయటపడండి!"

వేలు పక్క బటన్ మీదికి వెళ్లింది. ఆమె ఆ మణికట్టు పట్టుకుంది. బటన్ నొక్కాడు. రెండు నెలల కొట్టు లాభం పోయింది. ఇంకో గంట నిద్రపోయి ఉంటే కొట్టే పోయేది.

హేత్వి గుమ్మంలోనే కూలబడి మోకాళ్ల మీద తల పెట్టుకుంది. రసీలాబెన్ మజ్జిగ తేవడానికి లోపలికెళ్లింది.

"ఒకటి చెప్పాలి," అన్నాడు కేయూర్ పక్కన కూర్చుని. "నోట్‌బుక్‌లో తప్పులన్నీ కావాలనే చేశాను. క్లాసు అయిపోతే మీరు కనపడరని."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"రెండోసారి తొమ్మిదో ట్రేడ్ దగ్గరే మర్చిపోయినప్పటి నుంచి. మొద్దులకి అంత లెక్కగా మతిమరుపు రాదు."

"మరి తెలిసీ రోజూ పాఠం ఎందుకు చెప్పారు?"

"అవతల మీ మొహం కనపడకపోతే నాకూ తోచట్లేదు కాబట్టి." ఆమె తల ఎత్తలేదు. "మీరే చెప్తారని చూశాను. చెప్పరే. క్లాసు మూసేస్తే అయినా నోరు తెరుస్తారనుకున్నాను. మీరు నోరు తెరవకుండా వెళ్లి పుట్ అమ్మారు."

"ఇప్పుడు చెప్తాను."

"మీకేమైనా అయిపోయిందేమో అని భయపడ్డాను తెలుసా? డబ్బు గురించి కాదు."

"నువ్వంటే నాకు ప్రాణం, హేత్వి," అన్నాడు కేయూర్. నాలుగు నెలలు నోట్లో నానిన మాట ఇంత తేలిగ్గా వచ్చేసినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

హేత్వి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని అతనికేసి చూసింది. "నాకూ," అంది.

రసీలాబెన్ రెండు గ్లాసుల మజ్జిగ వాళ్ల మధ్య పెట్టింది. ఎదురు మేడ మీద నలుగురు నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్లకేసి చూసి, కొడుకుకేసి చూసింది.

"అక్కా చెల్లీ అన్నట్టు కూరల మనిషిని బెన్ అంటావు, బస్సులో పక్క సీటావిణ్ణి బెన్ అంటావు. ఈ పిల్లని నాలుగు నెలల్లో ఒక్కసారీ అనలేదు. నాకు చెవులు లేవనుకున్నావా?"

కేయూర్ గ్లాసులోకి చూశాడు.

"మాసీ, నేను నాలుగింటికి మా అమ్మకి చెప్తాను..." అంది హేత్వి లేవబోతూ.

"నాలుగింటిదాకా ఈ వీధి ఊరుకుంటుందా? నువ్వు కూర్చో, ఎండ తగ్గనీ." రసీలాబెన్ చీర కొంగు తల మీదికి లాక్కుంది, కాళ్లకి చెప్పులు తొడుక్కుంది. "మీ అమ్మ నిద్రలో ఉంటే నేనే లేపుతాను."

ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి, రెండున్నర ఎండలో, ఆవిడ ఇంకొకరి తలుపు కొట్టడానికి బయల్దేరింది.