సోమవారానికల్లా డైపర్ మాన్పించాలి

పొద్దున్న ఆరున్నరకి పిడుగు నీలం రంగు పాటీ కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఒక్కరినీ క్షమించేది లేదన్నట్టు ముఖం పెట్టింది. ఎదురుగా గొంతుక్కూర్చున్న తల్లి, ఒక కన్ను కూతురి మీద, ఒక కన్ను గోడ గడియారం మీద వేసి ఉంచింది.

"సుసు వస్తోందా అమ్మా?"

"వద్దు."

"ఒక్క కొంచెం పోసేయమ్మా, నా బంగారం కదూ."

"వద్దు."

పిడుగుకి ఇరవై రెండు నెలలు. వచ్చిన మాటలు పాతికకి మించి ఉండవు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ చాకిరీ చేసేది 'వద్దు'. ఎడ్డెమంటే తెడ్డెమనే వయసు. దాన్ని కుర్చీలో పావుగంట కూర్చోబెట్టడమంటే మాటలా? తల్లి కాళ్ళు తిమ్మిరెక్కి లేచింది. పిడుగు కూడా లేచింది. రెండడుగులు వేసి, గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీద నిలబడి, ఎంతో ప్రశాంతంగా సుసు పోసింది.

"అయ్యింది," అంది తనే.

తల్లికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ రోజు శుక్రవారం. సోమవారం నుంచి ఆమె పనికి వెళ్ళాలి. ఆమె చొక్కాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ చేస్తుంది. నలభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, సుద్దతో గీసి, మిషన్‌తో ఒక్క కోతలో తీసేస్తుంది. ఆ పనిలో ఆమెకి సాటి లేరని యజమాని పదిమందిలో అనేవాడు. అందుకే ఇన్నాళ్ళూ ఆగాడు. ఇక ఆగనని చెప్పేశాడు. "టేబుల్ ఖాళీగా ఉంచానమ్మా. సోమవారం నువ్వు రాకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు."

వీధి చివర పిల్లల్ని చూసుకునే సెంటర్ ఉంది. దాన్ని నడిపే ఆవిడ ఇంకా ఖండితంగా చెప్పింది. "డైపర్ మానిన పిల్లల్నే చేర్చుకుంటాం. మాకున్నది ఇద్దరు ఆయాలు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మరి ఇంట్లో అత్తగారు లేరా అంటే, ఉన్నారు. మామూలు అత్తగారు కూడా కాదు. ప్రసూతి ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ దుప్పటి పరిస్తే ఒక్క మడత కనపడదు. పిడుగు పుట్టిన వారానికే ఆవిడ చెప్పేసింది. "ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో వాళ్ళ పిల్లల్నందర్నీ చూశాను. దీన్ని ఆడిస్తాను, ఎత్తుకుంటాను. రోజంతా నా మీద వదిలేసి వెళ్తామంటే మాత్రం కుదరదు. ముందే చెప్తున్నా."

దానికి కోడలు ఏమీ అనుకోలేదు. అనుకున్నదల్లా ఆవిడ రోజుకి రెండుసార్లు చెప్పే ఇంకో మాటకి. "నా కొడుక్కి తొమ్మిది నెలలకే అలవాటు చేశాను. ఒక్క పక్కబట్ట తడిపి ఎరగడు." ఈ మాట విన్నప్పుడల్లా కోడలికి పుండు మీద కారం చల్లినట్టుండేది. ఇరవై రెండు నెలలకి కూడా నీకు చేతకాలేదు అని వినపడేది.

అందుకని పది రోజుల క్రితం నడుం బిగించింది. కొలత తప్పితే నలభై చొక్కాలు ఒకేసారి పాడయ్యే పని ఆమెది. పిల్ల విషయంలోనూ కొలతే పెట్టుకుంది. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, నలభై నిమిషాలకోసారి కుర్చీలో కూర్చోబెట్టి, టిక్కు పెట్టింది. అత్తగారికి ఆ కాగితం మీద నమ్మకం లేదు. కోడలు స్నానానికో, బట్టలు ఆరెయ్యడానికో వెళ్ళగానే పిల్లని చంకనేసుకుని తనూ కూర్చోబెట్టి, కుళాయి సన్నగా తిప్పి, "స్స్స్" అంటూ ఉండేది. సిటీ బస్సు నడిపే కొడుకు రెండు షిఫ్టుల మధ్య ఇంటికొచ్చి, ఇద్దరూ కునుకు తీసే వేళ తన పద్ధతిలో తను పాఠం చెప్పేవాడు. ఎవరి పద్ధతి వాళ్ళకి గొప్ప. ఎవరూ ఇంకొకళ్ళకి చెప్పలేదు. చెబితే గొడవ.

పిడుగు మాత్రం మొన్న సోమవారం నుంచి రెండుకి వెళ్ళడం మానేసింది.

మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు పళ్ళ ముక్కలు పెట్టారు. మూడో రోజు గోరువెచ్చని నీళ్ళు పట్టారు. ఇవాళ ఐదో రోజు. పొద్దుటి నుంచీ పిల్ల పాలు ముట్టలేదు. ఉండుండి మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలేసుకుని, ముఖం ఎర్రగా చేసుకుని బిగుసుకుపోతోంది. వస్తున్నదాన్ని లోపలే ఆపుకుంటోంది. కోడలు కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగింది. బట్టలు ఆరేసింది, ఆరకుండానే తీసింది.

రెండు గంటలకి పిడుగు బీరువా పక్కన మళ్ళీ బిగుసుకుంది. కోడలు పరుగున వెళ్ళి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టబోయింది. పిల్ల విల్లులా వెనక్కి వంగి, గొంతు చించుకుని ఏడ్చింది. ఇది మొండితనం ఏడుపు కాదు. భయం.

అత్తగారు చేతులు కడుక్కుని వచ్చింది. చేతిలో మందుల పెట్టె. "ఇంక లాభం లేదు. కింద నుంచి మందు పెడతాను. రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"వద్దత్తయ్యా."

"నీకు తెలీదు. ఇలాంటివి వందలు చూశాను."

"చూసే ఉంటారు. దీని మీద మాత్రం ఇంకెవరూ చెయ్యి వెయ్యకండి." కోడలు పిల్లని గుండెకి హత్తుకుంది. "నేను అటు వెళ్ళినప్పుడల్లా మీరేం చేస్తున్నారో నాకు తెలీదనుకున్నారా? కుళాయి చప్పుడు వినపడదా నాకు? రోజుకి ఎన్నిసార్లు కూర్చోబెడుతున్నారు?"

"నాలుగో, ఐదో. నువ్వు నలభై నిమిషాలకోసారి కూర్చోబెట్టట్లేదూ? అది పిల్లా, నువ్వు కత్తిరించే గుడ్డా?"

ఈ మాట కోడలికి ఎక్కడో తగిలింది. జవాబు చెప్పబోయేలోగా వీధిలో మోటార్ సైకిల్ ఆగింది. బస్సు డిపో నుంచి కొడుకు వచ్చాడు. తండ్రి లోపల అడుగు పెట్టాడో లేదో, పిడుగు ఏడుపు ఆపి, తల్లి చంకలోంచి జారి, తనే వెళ్ళి పాటీ కుర్చీలో కూర్చుంది. మూడు చుక్కలు పోసింది. లేచింది. తండ్రి ముందుకి వచ్చి చెయ్యి చాపింది.

"బిక్కీ."

అతను కదల్లేదు. పిడుగు మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఇంకో మూడు చుక్కలు. మళ్ళీ చెయ్యి.

"బిక్కీ."

ఆడవాళ్ళిద్దరూ అతని వంక చూశారు. అతను జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టి, దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు. "సుసు పోస్తే ఒకటి ఇచ్చేవాణ్ణి. మొదట్లో ఒకేసారి పోసేది. తర్వాత తర్వాత... ప్రతి స్టాపులోనూ ఆగే బస్సులా తయారైంది."

ఇంకో రోజైతే అందరూ నవ్వుకునేవాళ్ళు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కోడలు.

"వారం."

తిలాపాపం తలా పిడికెడు. కోడలు లెక్క వేసుకుంది. తను, ఆవిడ, ఇతను కలిసి పిల్లని రోజుకి పాతిక ముప్ఫై సార్లు కుర్చీ ఎక్కించారు. మెలకువగా ఉన్నంతసేపూ ఎవరో ఒకరు దాని వెనక పడుతూనే ఉన్నారు. దాని ఇష్టానికి మిగిలింది ఒక్కటే, దాన్ని గట్టిగా బిగపట్టుకుంది. ఆమె నేల మీద కూలబడింది. కోపం చల్లారలేదు, అలిసిపోయింది.

"అత్తయ్యా, నేను తప్పే చేశాను. ఒప్పుకుంటున్నాను. మీరే చెప్పండి. మీ అబ్బాయికి తొమ్మిది నెలలకే నేర్పారు కదా. ఎలా నేర్పారు? మొదట ఏం చేశారు, తర్వాత ఏం చేశారు? అదే చేద్దాం. మాటకి మాట అనట్లేదు, నిజంగా అడుగుతున్నాను."

అత్తగారు మందుల పెట్టె మూత వేసింది. మళ్ళీ తీసింది. వేసింది.

"చెప్పండత్తయ్యా."

"నాకు తెలీదు."

"అదేంటమ్మా," అన్నాడు కొడుకు.

"నాకు తెలీదురా. నేను లేను." ఆవిడ కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తూ మాట్లాడింది. "రెండు నెలల పాటు డబుల్ డ్యూటీలు పడ్డాయి. నువ్వు లేవకముందే వెళ్ళేదాన్ని, నిద్రపోయాక వచ్చేదాన్ని. పక్కింటావిడ చూసేది నిన్ను. ఒక రోజు ఎందుకో తొందరగా వచ్చాను. నువ్వు చడ్డీ వేసుకుని వాకిట్లో ఆడుకుంటున్నావు. గుడ్డ కట్టలేదేం, తడిపేస్తాడు అన్నాను. 'అయ్యో మేడమ్, వాడు అడిగి వెళ్తున్నాడు. నాలుగు రోజులైంది, మీకు చెప్పలేదా' అంది ఆవిడ. నాలుగు రోజులు. అదే ఇంట్లో నీ పక్కనే పడుకుని లేచాను. నాకు తెలీలేదు."

పిడుగు తండ్రి బూటు తాడు లాగుతోంది.

"అప్పుడు నీకు రెండేళ్ళు దాటాయో లేదో కూడా గుర్తులేదు. ఆసుపత్రిలో ఎవరో అడిగారు, మీవాడికి ఎప్పుడు అలవాటైంది మేడమ్ అని. పెద్ద నర్సుని, తెలీదని ఎలా అంటాను? తొమ్మిది నెలలు అనేశాను. ఒకసారి అన్నాక మార్చలేకపోయాను."

కోడలు ఆవిడ ముఖం చూసింది. ఈ పది రోజులూ తనని తరిమింది యజమానో, సెంటర్ ఆవిడో కాదని ఆమెకి అప్పుడు తెలిసింది. మొదటిసారి పిల్ల తనంతట తాను చేసిన రోజున పక్కన ఎవరో ఆయా ఉండి, సాయంత్రం గేటు దగ్గర ఆ మాట చెబితే ఎలా అన్నదే ఆమె గుబులు. ఈవిడకి సరిగ్గా అదే జరిగింది. కోడలికి దుఃఖం ఆగలేదు. వెళ్ళి అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసింది.

కాసేపటికి అత్తగారు ముక్కు తుడుచుకుని, వార్డులో మాట్లాడే గొంతుతో అంది. "దీనికి డైపర్ వెయ్యి. ఆ కుర్చీ తీసి మంచం కింద పెట్టు. ఫ్రిజ్ మీద కాగితం చింపెయ్. ఒరేయ్, నీ బిస్కెట్లు నువ్వే తిను. ఇవాళ ఎవరూ దీన్ని ఒక్క మాట అడగొద్దు. రేపు పొద్దున్నకి కాకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం. మందు ఆయన చెప్తే పెడదాం."

"మరి సోమవారం?"

"సోమవారం నువ్వు పనికెళ్ళు. నేను చూసుకుంటాను."

"మీరు చెయ్యనన్నారు కదత్తయ్యా."

"భయమేసి అన్నాను." ఆవిడ కోడలి వంక చూడలేదు. "మూడు రోజుల పిల్లల్ని వేలమందిని చూశాను. రెండేళ్ళ పిల్లని ఒక్కదాన్నీ పెంచలేదు. రాదని మీకు తెలిసిపోతుందేమో అని."

"నాకు మాత్రం వచ్చా ఏంటి," అంది కోడలు.

సాయంత్రం ఐదింటికి పిడుగు డైపర్‌తో, ఒక చేత్తో గరిటె పట్టుకుని, హాల్లో కర్టెన్ వెనక్కి వెళ్ళింది. చిన్న పాదాలు రెండు మాత్రం బయటికి కనపడుతున్నాయి. ముగ్గురు పెద్దవాళ్ళూ ఉన్నపళంగా కిటికీలోంచి ఎదురింటి గోడని చూడటం మొదలుపెట్టారు. "సున్నం కొత్తగా వేసినట్టున్నారు," అన్నాడు కొడుకు. "ఊఁ," అంది అత్తగారు. కర్టెన్ వెనక మూలుగు. తర్వాత కాస్త ఏడుపు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ పైన ఇల్లంతా వాసన వచ్చింది. కొడుకు నేల మీద చతికిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరూ పోటీ పడి కళ్ళు తుడుచుకున్నారు.

సోమవారం కోడలు పనికి వెళ్ళింది. దాదాపు రెండేళ్ళ తర్వాత గుడ్డ మీద చెయ్యి వేస్తే వేళ్ళకి అన్నీ గుర్తున్నాయి, మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయింది. టీ విరామంలో ఫోన్ చేస్తే అత్తగారు, "ఏం లేదు, నీ పని చూసుకో," అని పెట్టేసేది. కుర్చీ సంగతి ఆమె అడగలేదు. అడగొద్దనుకున్నారు కదా. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిడుగు డైపర్‌తోనే ఎదురొచ్చేది.

మూడో వారం ఒక బుధవారం. కటింగ్ జరిగేటప్పుడు ఎవరూ ఫోన్ దగ్గర పెట్టుకోకూడదని అక్కడ కట్టుబాటు. మిషన్ నలభై పొరల మధ్యలో ఉండగా యజమాని తన ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మీ అత్తగారమ్మా. నీ ఫోన్ తియ్యట్లేదని నాకు చేశారు. అర్జెంటంట."

ఆమె మిషన్ ఆపింది. "ఏమైందత్తయ్యా?"

"ఏం కాలేదు. గట్టిగా మాట్లాడకు." అవతల గొంతు గుసగుసలాడింది. "మంచం కిందకి దూరి కుర్చీ అదే లాక్కొచ్చింది. డైపర్ అదే పీకేసింది. కూర్చుంది. ఇంకా ఏం అవలేదు. ఫోన్ దగ్గర పెడుతున్నాను, ఉండు."

ఆమె ఫోన్‌ని చెవికి అదుముకుంది. చుట్టూ కుట్టు మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి, అందరూ ఆమె వంకే చూస్తున్నారు. చాలాసేపు ఏమీ లేదు. పిడుగు తనలో తను ఏదో మాట్లాడుకుంటోంది. తర్వాత ప్లాస్టిక్ మీద సన్నటి చప్పుడు మొదలైంది, ఆగకుండా సాగింది, ఆగిపోయింది.

"అయ్యింది," అంది పిడుగు.

అత్తగారు ఫోన్ తీసుకుంది. ఆవిడ గొంతు సరిగ్గా లేదు.

"పదకొండు పది," అంది, వార్డులో కాన్పు టైము చెప్పినట్టు. "నాలుగు రోజుల తర్వాత కాదమ్మా. ఇప్పుడే. విన్నావు కదా?"

ఆమె సుద్ద అంటిన చేత్తో ముఖం తుడుచుకుంది. "విన్నానత్తయ్యా," అంది.