కోటు ఒంటిమీద ఉన్నంతసేపు

అన్నయ్య నిజంగా పడిపోయిన రోజున ఇంట్లో అందరూ అది నటన అనుకుంటారేమో. చెల్లెలికున్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే. తన పాపకు జ్వరం వస్తుందేమో, లారీ నడిపే భర్త ఏ మలుపులో కునుకు తీస్తాడో, గ్యాసు కట్టేశానో లేదో అని రోజంతా ఏదో ఒక దిగులు ఆమెకు ఉండేదే. వాటిని ఎవరితోనైనా చెప్పుకునేది. దీన్ని మాత్రం చెప్పుకోలేకపోయింది. చెబితే నవ్వుతారు.

ఇరవై ఏళ్లుగా సినిమాల్లో చిన్నా చితకా వేషాలు వేస్తున్న అన్నయ్యకు మొదటిసారి పెద్ద పాత్ర దొరికింది. తాగి తాగి తన బతుకును తానే బుగ్గి చేసుకునే ఒక లెక్కల మాస్టారి కథ. ఒంటికి అలవాటు కావాలని దర్శకుడు మాస్టారి గోధుమరంగు కోటును ఇంటికే పంపించాడు. అమ్మ ఆ రోజే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. కోటు ఒంటిమీద ఉన్నంతసేపు వాడు మాస్టారు. ఎవరూ పలకరించకూడదు, నవ్వకూడదు, కదిలించకూడదు. కోటు విప్పాకే మనవాడు.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆమెకు, డైలాగు కాగితాలు పట్టుకుని మాస్టారి భార్య మాటలు చెప్పే పని వచ్చింది. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేది. అన్నయ్య తూలి గోడ పట్టుకుంటే, "కాస్త ఆగి పట్టుకో అన్నయ్యా, అప్పుడు నిజంలా ఉంటుంది" అని దిద్దేది కూడా. సీసాలో మందుకు బదులు పోసేది చల్లారిన టీ డికాషన్. రోజూ పొద్దున్నే దాన్ని కాచి వడగట్టేది ఆమే.

ఆ పొద్దున కూడా స్టవ్ మీద డికాషన్ మరుగుతోంది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని పాప గౌనుకు గుండీ కుడుతోంది.

"మందుల షాపతను నిన్న ఏమన్నాడో తెలుసా అమ్మా? మీ అన్నయ్య వేషంలో ఉన్నాడా, వేషమే ఆయనలో దూరిందా అన్నాడు."

"వాడికి కుళ్లు. ఆ మొహానికి శవం వేషం కూడా ఇవ్వరు," అంది అమ్మ దారం కొరుకుతూ.

"అన్నయ్యకు చేతులు వణుకుతున్నాయమ్మా. అన్నం కలుపుకునేటప్పుడు కూడా."

"పాత్రను ఒంటపట్టించుకుంటున్నాడే. నువ్వు ప్రతిదానికీ కీడు తలవకు."

అంతలో పాప వేలు పెదవుల మీద పెట్టుకుని మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. గుసగుసగా చెప్పింది.

"మావయ్య బాత్రూంలో పడుకున్నాడు. కోటు వేసుకున్నాడు. నేను పలకరించలేదు."

"నా బంగారు తల్లివి," అంది అమ్మ.

ఆమె కూడా నవ్వింది. డికాషన్ దించింది, వడగట్టింది, సీసాలో పోసింది. మూత బిగిస్తుండగా వినిపించింది, బాత్రూంలో నీళ్లు పొర్లిపోతున్న చప్పుడు. కుళాయి చుక్క కారినా లేచి వెళ్లి కట్టే మనిషి అన్నయ్య.

"ఎంతసేపయిందే మావయ్య పడుకుని?"

పాప ఆలోచించింది. "బొమ్మకు జడ వేశాను. విప్పేసి మళ్లీ వేశాను."

ఆమె పరుగెత్తింది.

అన్నయ్య పక్కకు తిరిగి పడి ఉన్నాడు. నుదురు చిట్లింది. కోటు అంచు నీళ్లు పోయే కంతకు అడ్డుపడి, గచ్చు మీద నీళ్లు ఎర్రగా నిలిచాయి. ఇంకో రెండు వేళ్ల మేర పెరిగితే ముక్కు మునుగుతుంది. గడప దగ్గర పాప బొమ్మ కూర్చుని ఉంది, తడవకుండా.

"ఆగవే, మధ్యలో కదిలిస్తే వాడికి కోపం," అంది వెనకాలే వచ్చిన అమ్మ. ఆ గొంతులో నమ్మకం లేదు.

ఒక్క క్షణం ఆమె నిజంగానే ఆగింది. ఆ క్షణాన్ని తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. కుళాయి కట్టేసి, తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. గుప్పున కొట్టిన వాసన టీది కాదు. చెంపలు తట్టగా తట్టగా అన్నయ్య కళ్లు తెరిచాడు.

"బాగా వచ్చిందా, పిచ్చుకా?" అన్నాడు నాలుక మడత పడుతుంటే.

చిన్నప్పటి నుంచీ ఆమెను అలాగే పిలుస్తాడు. కోటు లోపలి జేబులో తగిలిన సీసా తీసి అమ్మకు చూపించింది. అమ్మ తల తిప్పుకుంది.

గాయానికి గుడ్డ కట్టి మంచం మీద కూర్చోబెట్టాక ఆమె అడిగింది. "నేను కాచిన డికాషన్ ఏం చేస్తున్నావు రోజూ?"

"పారబోస్తున్నాను. టీ తాగితే కళ్లు ఎర్రబడవు కదే. ఇంకా నాలుగు రోజులే షూటింగ్."

"నాలుగు రోజులు నువ్వుంటావా?"

"నోరు మంచిది చేసుకో," అంది అమ్మ.

"నువ్వుండమ్మా." ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వు పడిపోతే పాప నీ పక్కన కూర్చుని బొమ్మకు జడలు వేసుకుంది అన్నయ్యా. మనం నేర్పిన బుద్ధి అది. రేపు పెద్దదయ్యాక దానికి ఎవరు చెబుతారు, నీ తప్పు కాదమ్మా అని?"

అన్నయ్య పాప వైపు చూశాడు. పాప అతని కోటు వైపు చూసి చప్పున నోరు మూసుకుంది.

దాంతో అతను కూలిపోయాడు. తడిసి ఒంటికి అతుక్కున్న కోటును విప్పలేక విప్పుకుంటూ ఏడ్చాడు. "ఇది ఒంటిమీద ఉంటే ఎవరూ ఏమీ అడగరే. అందుకే విప్పడం లేదు."

"దిద్దింది నేనే కదా, ఇంకా నిజంలా ఉండాలని," అంటూ ఆమె అతని పక్కన కూలబడింది. దర్శకుడికి ఫోను కలిపి చేతిలో పెడితే, రాలేనని అన్నయ్యే చెప్పాడు. పది గంటలకల్లా ముగ్గురూ పాపను వెంటబెట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నారు.

"ఎన్నాళ్ల నుంచి తాగుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఈ సినిమా మొదలైనప్పటి నుంచండీ," అన్నాడు అన్నయ్య.

"కాదమ్మా." అమ్మ నేల చూపులు చూస్తూ అంది. "వీళ్ల నాన్న పోయినప్పటి నుంచి. మూడేళ్లవుతుంది. పరుపు కింద సీసాలు నేనే తీసి పారేసేదాన్ని. ఈ వేషం వచ్చాక హమ్మయ్య అనుకున్నాను, నలుగురూ అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట దొరికిందని."

అన్నయ్య ఆ మాట విని తల ఎత్తలేదు. చేయి మాత్రం చాపి అమ్మ చేతిని వెతికి పట్టుకున్నాడు.

అతను ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. బాగుపడతాడో లేదో డాక్టరమ్మ కూడా గట్టిగా చెప్పలేదు. ఇది చదువుతున్నవాళ్లు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో "వాడి పద్ధతే అంత, వదిలెయ్" అని మీరు అలవాటు పడిపోయిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఫోను పక్కన పెట్టి, ఆ గది తలుపు తట్టండి. బాగానే ఉన్నానని లోపలి నుంచి చెప్పినా సరే, తలుపు తీసి చూసి రండి.