ఇంటూ గుర్తు స్క్రూలు

నా పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని గొప్పలు పోయేవాణ్ణి. ఆ పాత ఇంటి ముందుగది సీలింగ్ నా గాలి తీసేసింది.

మొదటి రోజే ఆ ఇంటి మనవరాలు నాకు తగులుకుంది. నేను గదిలోకి వస్తూనే తలెత్తి, కిందికి జారిన సీలింగ్ పలకలు లెక్కపెడుతున్నాను.

"మనుషులతో కూడా పైకి చూస్తూనే మాట్లాడతారా?" అంది.

కిందికి చూశాను. పలకల లెక్క తప్పింది.

మూడు రోజుల్లో అన్నీ బిగించాను. కుర్చీలో కూర్చున్న వాళ్ళ నాయనమ్మ బాగుందయ్యా అని మెచ్చుకుంది. వారం తిరక్కుండా కిటికీ పక్క పలక మూల జారిందని ఫోన్. వెళ్ళి బిగించి వచ్చాను. మరో వారానికి అదే పలక, అదే మూల. మా మేస్త్రీకి ఒళ్ళు మండింది. ఈసారి నిలబడకపోతే నన్ను పనిలోంచి తీసేసి, ఆ ఇంటికి వేరేవాణ్ణి పంపిస్తానన్నాడు. పని పోతుందని భయమే. కానీ ఆ వేరేవాడు ఆమెతో కబుర్లాడతాడన్న ఆలోచన నన్ను మరీ తినేసింది.

మళ్ళీ వెళ్ళాను. బయట వాన. ఆమె నిచ్చెన పట్టుకుంది, నేనెక్కాను. నాకో పిచ్చి అలవాటు ఉంది. ప్రతి స్క్రూ తల మీది గాడి నిటారుగా, ప్లస్ గుర్తులా నిలబడేదాకా వదలను. ఆ మూల రెండు స్క్రూలు మాత్రం ఇంటూ గుర్తుల్లా వాలిపోయి, సగం బయటికొచ్చి ఉన్నాయి.

"ఎవరు విప్పారు?"

"వానకి వదులై ఉంటాయి."

"వానకి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చా?"

మేస్త్రీ మాట చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. తనే విప్పానని ఇప్పుడే ఆయనకి ఫోన్ చేస్తానంది.

"ఎందుకు విప్పావని అడిగితే?"

"సీలింగ్ బాగైపోతే మీరు మళ్ళీ రారు కదా. మీరంటే ఇష్టమని చెప్తాను." ఆగి, మెల్లగా అంది. "కానీ నేను విప్పింది మొదటిసారే. రెండోసారి మీ పనే బాలేదేమో."

ఇద్దరం ఒకేసారి కుర్చీ వైపు తిరిగాం. నాయనమ్మ ఆనుకున్న దిండు కిందనుంచి స్క్రూడ్రైవర్ పిడి కనిపిస్తోంది.

"ఏం చూస్తారు? మీరిద్దరూ నోరు విప్పకపోతే నేను స్క్రూ విప్పాల్సొచ్చింది. మేస్త్రీతో నేను మాట్లాడతాలే. నన్ను మళ్ళీ నిచ్చెన ఎక్కించకండి."

నాకూ ఇష్టమేనని నిచ్చెన మీదనుంచే చెప్పేశాను. పలక గట్టిగా బిగించాను. ఆ రెండు స్క్రూలు మాత్రం ఇంటూ గుర్తుల్లానే ఉంచాను.